రక్తం కొరతే అసలు భయం: డేబ్రేకర్స్

పాడుబడ్డ కోటలు, శవపేటికలు లేని వ్యాంపైర్ సినిమా, అందులోనూ భవిష్యత్తులో జరిగేది ఏదైనా ఉందా అని అడిగారు. రక్తపిశాచాల కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. చూసినవాటిలో మీకు తప్పకుండా చెప్పాలనిపించేది ‘డేబ్రేకర్స్’. మైకేల్, పీటర్ స్పీరిగ్ అనే అన్నదమ్ములు రాసి, దర్శకత్వం వహించారు. 2009లో టొరంటో చిత్రోత్సవంలో మొదట ప్రదర్శించారు. కథ జరిగేది 2019లో, అంటే సినిమా వచ్చేనాటికి భవిష్యత్తులో.

ఇందులో రక్తపిశాచాలు ఎక్కడో దాక్కుని ఉండవు. ఒక మహమ్మారి వల్ల దాదాపు లోకమంతా అలా మారిపోయింది. ఉద్యోగాలు, సైన్యం, వ్యాపారం అన్నీ వాళ్లవే. ఎండ తగిలితే కాలిపోతారు కాబట్టి, పగలు బయటికి వెళ్లాలంటే కార్ల అద్దాలు నల్లగా మూసేసుకుని, కెమెరాలు చూపే దారిలో నడుపుతారు. దాక్కుని బతుకుతున్నది మిగిలిన కొద్దిమంది మనుషులే. వాళ్లను పట్టుకుని, యంత్రాలకు తగిలించి రక్తం తీస్తుంది ఒక కంపెనీ. ఆ రక్తం అడుగంటుతోంది. నన్ను నిజంగా భయపెట్టింది ఆ కొరతే. కాఫీలో కలిపే రక్తం తగ్గించారని దుకాణం దగ్గర జనం తిరగబడే సన్నివేశం ఒకటి ఉంది. కోటూ టై కట్టుకున్న పెద్దమనుషులు క్షణంలో మృగాలైపోతారు.

రక్తం దొరకనివాళ్లు క్రమంగా బుద్ధి నశించి, గబ్బిలాల్లాంటి వికృత జీవులవుతారు. సైనికులు వాళ్లను గొలుసులతో కట్టి ఎండలోకి ఈడ్చుకెళ్లే దృశ్యం ఈ సినిమాకే తలమానికం అంటాను. కాలిపోతున్నది నిన్నటిదాకా వాళ్లతో కలిసి తిరిగిన సాటి పౌరులే. భయం కన్నా జాలి ఎక్కువ కలిగింది నాకు. పిశాచం మీద జాలి పుట్టించడం తేలిక కాదు.

ఈథన్ హాక్ కృత్రిమ రక్తం కోసం పరిశోధించే వైద్యుడిగా నటించాడు. తాను మాత్రం మనిషి రక్తం ముట్టడు. శామ్ నీల్ పోషించిన కంపెనీ అధిపతి పాత్రను శ్రద్ధగా గమనించండి. ప్రత్యామ్నాయం దొరికినా అసలు రక్తానికి ఎక్కువ ధర పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారన్నది అతని లెక్క. అరుపులు, కోరలు లేకుండానే వెన్నులో చలి పుట్టించే పాత్ర అది.

మరో నటుడు విలెమ్ డెఫో రంగంలోకి వచ్చాక కథ మరో మలుపు తిరుగుతుంది. అది చెబితే మీ సరదా చెడగొట్టినట్టే. చివరి భాగం కాస్త హడావిడిగా సాగుతుంది, పోరాటాలు ఎక్కువవుతాయి. అంత మంచి లోకాన్ని కల్పించి, అందులో ఇంకొంచెం సేపు తిరగనివ్వలేదే అని నాకిప్పటికీ బాధ. అయినా మీరు అడిగిన కొత్తదనం మొదటి నిమిషం నుంచే కనిపిస్తుంది. నెత్తురు ధారాళంగా పారుతుంది కాబట్టి పిల్లలు పక్కన లేనప్పుడు చూడండి, ట్రైలర్ మాత్రం ముందుగా చూడకండి.