చిత్తూరు దగ్గర చిన్న సొసైటీ: గ్రాంటుకు ఎలా అప్లై చేయాలి?

మీ ఊళ్లో చెరువు కాలువలు బాగుచేసే సొసైటీ పెట్టి నాలుగేళ్లయింది, గ్రాంటు ఎక్కడ అడగాలి అని కదా మీ ప్రశ్న. ప్రపోజల్ సంగతి తర్వాత, ముందు కాగితాలు చూసుకోండి. సొసైటీ రిజిస్ట్రేషన్, పాన్ ఉంటే సరిపోదు. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సొసైటీ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చేవాళ్లకు పన్ను రాయితీ) రిజిస్ట్రేషన్లు తీసుకోవాలి. స్వచ్ఛంద సంస్థల కోసం నీతి ఆయోగ్ వాళ్లు నడిపే దర్పణ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. కంపెనీల సీఎస్ఆర్ డబ్బుకైతే, అంటే అవి తమ లాభాల్లోంచి సమాజం కోసం ఖర్చుపెట్టే డబ్బుకైతే, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 అనే నమోదు ఫారం తప్పనిసరి. మూడేళ్లు పనిచేసిన అనుభవమూ అడుగుతారు. అది మీకుంది.

మా సొసైటీ మొదటి అప్లికేషన్ ఎందుకు వెనక్కొచ్చిందో తెలుసా? సర్టిఫికెట్లో సొసైటీ పేరు మధ్య ‘అండ్’ ఉంది, పాన్ కార్డులో లేదు. అది సరిచేసుకునేలోపు గడువు దాటిపోయింది.

నన్నడిగితే సీఎస్ఆర్ మేలు. కంపెనీలు తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది, మనకేమో కంపెనీలున్న శ్రీసిటీ అంత దూరమేం కాదు. విదేశీ నిధుల జోలికి ఇప్పుడే పోకండి. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా, అదో పెద్ద తలనొప్పి.

ప్రపోజల్లో ‘గ్రామీణాభివృద్ధి’ లాంటి పెద్ద మాటలు వద్దు. ఏ చెరువు, ఎన్ని మీటర్ల కాలువ, ఎన్ని ఎకరాలకు నీళ్లు, జేసీబీకి గంటకు ఎంత అనేది రాయండి. మూడేళ్ల ఆడిట్ లెక్కలు జతచేయండి. ఆడిటర్ ఫీజు దగ్గర మాత్రం పిసినారితనం చేయకండి.