మా వారి కంచం వేరుగా పెట్టాలా, డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా వారికి 54 ఏళ్లు. నడుం నొప్పికి స్కాన్ తీయిస్తే ఎడమ కిడ్నీలో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేసి కిడ్నీ తీసేశారు. ‘క్లియర్ సెల్’ క్యాన్సర్ అనీ, కిడ్నీ దాటి పాకలేదనీ బయాప్సీ రిపోర్టులో రాశారు. అయితే ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షల్లో హెపటైటిస్-సి పాజిటివ్ వచ్చింది. 1987లో, ఇంటర్ చదివే రోజుల్లో, యాక్సిడెంట్ అయినప్పుడు ఆయనకు రక్తం ఎక్కించారు. ఆ వైరస్ వల్లే క్యాన్సర్ వచ్చిందనీ, ఇంటిల్లిపాదికీ అంటుకుంటుందనీ మా తోడికోడలు అంటోంది. అత్తగారు ఆయన కంచం, గ్లాసు వేరు చేశారు. మా ఇద్దరు పిల్లలకూ స్కాన్ తీయించాలా? ఆయన చుట్ట మానలేదు. బీపీ మాత్రలు గుర్తొచ్చినప్పుడే వేసుకుంటారు.
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు కంచం సంగతి. ఆ కంచం, గ్లాసు ఇవాళే మిగతావాటితో కలిపేయండి. హెపటైటిస్-సి ఎంగిలి వల్ల, పక్కన కూర్చుంటే, ఒకే బాత్రూం వాడితే అంటుకోదు. అది రక్తం ద్వారా వచ్చే లివర్ జబ్బు. ఆయన షేవింగ్ బ్లేడు, టూత్ బ్రష్, గోళ్లు కత్తిరించుకునేది మాత్రం ఇంకెవరూ వాడకూడదు. అంతకుమించి జాగ్రత్త అక్కర్లేదు. మీ అత్తగారికి ఈ జవాబు చదివి వినిపించండి. క్యాన్సర్ కూడా ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు. కిడ్నీ పోగొట్టుకుని ఇంటికొచ్చిన మనిషికి వేరే కంచంలో అన్నం పెడితే, మందులతో తగ్గని బాధ పెట్టినట్టే. వార్డులో ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీరు ఊహించినట్టు 1987 నాటి రక్తం వల్లే వైరస్ వచ్చి ఉండొచ్చు. అసలు ఈ వైరస్‌ను గుర్తించిందే 1989లో. అంతకుముందు దాత రక్తంలో అది ఉందో లేదో చూసే పరీక్షే లేదు. ఒకే గ్లాసు సిరంజీతో పదిమందికి ఇంజెక్షన్లు చేసిన రోజులవి, ఆ దారిలో వచ్చినవాళ్లూ ఉన్నారు. దానికి ఇప్పుడు ఎవరినీ తప్పుపట్టలేం.

ఇక అసలు ప్రశ్న: ఆ వైరస్సే ఈ క్యాన్సర్ తెచ్చిందా? మీ తోడికోడలి అనుమానం కొట్టిపారేయాల్సింది కాదు. కిడ్నీలో క్యాన్సర్ తెచ్చే వైరస్ ఒకటి నిజంగానే ఉంది, కాకపోతే కప్పల్లో. అమెరికాలో బాల్డుయిన్ లూకే అనే పాథాలజిస్టు 1934లో చిరుతమచ్చల కప్పల కిడ్నీల్లో గడ్డలను వర్ణించాడు. వాటికి వైరస్ కారణం కావచ్చని 1938లో రాశాడు. అది హెర్పిస్ జాతి వైరస్ అని తర్వాత తేలింది.

మనుషుల్లో లెక్క వేరు. క్యాన్సర్ తెస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చిచెప్పిన వైరస్‌లలో హెపటైటిస్-సి ఉంది గానీ, అది లివర్ క్యాన్సర్, ఒక రకం లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) విషయంలో. కిడ్నీ క్యాన్సర్ విషయంలో ఇప్పటికున్నది అనుమానమే. ఆ అనుమానానికి బలమిచ్చింది అమెరికాలోని డెట్రాయిట్‌లో సుమారు 67 వేల మంది రికార్డులు చూసి 2010లో ప్రచురించిన అధ్యయనం. హెపటైటిస్-సి ఉన్నవాళ్లలో 0.6 శాతం మందికి, లేనివాళ్లలో 0.3 శాతం మందికి కిడ్నీ క్యాన్సర్ కనిపించింది. రెట్టింపు అనగానే గుండె గుభేలుమంటుంది. కానీ వైరస్ ఉన్న వెయ్యిమందిలో 994 మందికి ఆ క్యాన్సర్ రాలేదని కూడా ఆ అంకెలే చెబుతున్నాయి. తర్వాతి అధ్యయనాలు కొన్ని ఈ సంబంధాన్ని బలపరిచాయి, కొన్నిటిలో అంత తేడా కనిపించలేదు. పైగా లివర్ జబ్బు ఉన్నవాళ్లకు కడుపు స్కాన్లు తరచుగా తీస్తారు కాబట్టి, కిడ్నీలో దాగిన చిన్న గడ్డలు వాళ్లలో ఎక్కువగా బయటపడతాయి.

నన్ను ఆలోచింపజేసేది ఇంకొకటుంది. హెపటైటిస్-సి కిడ్నీని పాడుచేస్తుందనే మాట నిజం. అయితే అది ముఖ్యంగా దెబ్బతీసేది రక్తాన్ని వడపోసే జల్లెడ భాగాన్ని. క్లియర్ సెల్ క్యాన్సర్ పుట్టేది ఆ తర్వాత వచ్చే సన్నని గొట్టాల కణాల్లో. వైరస్ తెచ్చే దీర్ఘకాలపు వాపు అక్కడిదాకా ప్రభావం చూపుతుందేమో చూస్తున్నారు, ఇంకా రుజువు కాలేదు. రుజువైనవి మీ ఉత్తరం చివర్లో ఉన్నాయి: చుట్ట, అదుపులో లేని బీపీ. వీటికి ఊబకాయాన్నీ చేర్చాలి. ఆయనకు మిగిలింది ఒకే కిడ్నీ. చుట్ట మానేయాల్సిందే. బీపీ మాత్ర రోజూ ఒకే వేళకు మీరే చేతికివ్వండి.

క్యాన్సర్‌తో సంబంధం ఉన్నా లేకపోయినా ఆ వైరస్‌ను వదిలించాల్సిందే, లేకపోతే లివర్ పాడవుతుంది. పాజిటివ్ అంటే ఒకప్పుడు వైరస్ ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. కొందరిలో అది దానంతటదే పోతుంది. ఇప్పుడు ఉందో లేదో తెలియడానికి ‘హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ’ పరీక్ష చేయించండి. ఉంటే, లివర్ బాగానే ఉన్న చాలామందికి 12 వారాల మాత్రలు సరిపోతాయి. నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితం. జిల్లా ఆస్పత్రిలో అడగండి. మందులు మొదలుపెట్టే ముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి. బి కూడా ఉంటే ఈ మందులతో అది విజృంభించవచ్చు. వాడుతున్న గుండె మందులన్నీ డాక్టరుకు చూపించండి.

మీరూ ఒకసారి పరీక్ష చేయించుకోండి. పిల్లలకు స్కాన్లు అక్కర్లేదు. కిడ్నీ క్యాన్సర్ 46 ఏళ్లలోపు వచ్చినా, రెండు కిడ్నీల్లో వచ్చినా, దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇంకెవరికైనా ఉన్నా వంశపారంపర్యం గురించి ఆలోచిస్తాం. మీ వారికి అవేవీ ఉన్నట్టు మీరు రాయలేదు. ఆయనకు మాత్రం సర్జన్ చెప్పిన ఫాలో-అప్ స్కాన్లు ఒక్కటి కూడా తప్పకూడదు. బాగానే ఉన్నాం కదా అని మానేసేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

ప్రశ్న: నాకు కిడ్నీ మార్పిడి జరిగింది. రక్తంలో బీకే వైరస్ ఉందన్నారు. క్యాన్సర్ వస్తుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఈ వైరస్ మనలో చాలామందికి చిన్నతనంలోనే వచ్చి, కిడ్నీల్లో, మూత్రనాళాల్లో నిద్రపోతుంది. మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులతో మళ్లీ లేస్తుంది. క్యాన్సర్ తెచ్చే ‘అవకాశం ఉన్నవాటి’ జాబితాలో దీన్ని చేర్చారు. మార్పిడి చేయించుకున్న కొందరిలో మూత్రాశయ క్యాన్సర్‌తో సంబంధం కనిపించింది, కానీ అది అరుదు. మీ విషయంలో ముందున్న భయం కొత్త కిడ్నీ దెబ్బతినడం. అందుకే మీ డాక్టరు మందుల డోసు తగ్గిస్తారు. మీరు సొంతంగా తగ్గిస్తే శరీరం కిడ్నీని తిరస్కరించవచ్చు, ఆ పని చేయకండి. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే వెళ్లి చూపించుకోండి.