ఫీల్డ్ బుక్కులన్నీ ఒకే చేతిరాతలో ఉన్నాయి

పత్తి ప్రాజెక్టుల్లో కోఆర్డినేటర్‌గా నేను పంతొమ్మిదేళ్లు తిరిగాను. ఆ సంగతి తెలిసినవాళ్లు ఈ మధ్య వరసగా రాస్తున్నారు. ఈ నెల నాలుగు ఉత్తరాలకు జవాబు ఇస్తున్నాను. మొదటి ఉత్తరం చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అందుకే దాని జవాబు పెద్దదైంది.

ప్రశ్న: మేడమ్, నేను ఎనిమిది నెలల క్రితం ఒక సుస్థిర పత్తి సాగు ప్రాజెక్టులో కోఆర్డినేటర్‌గా చేరాను. నా కింద ఆరుగురు ఫీల్డ్ సిబ్బంది ఉన్నారు. నలభై రైతు గ్రూపులు, మొత్తం 1,400 మంది రైతులు. వచ్చే నెల సర్టిఫికెట్ కోసం బయటినుంచి ఆడిట్ వస్తోంది. మొన్న ఒక గ్రూపు ఫీల్డ్ బుక్కులు, అంటే రైతులు చేలో చేసిన పనులు రాసుకోవాల్సిన పుస్తకాలు, తిరగేస్తే 35 పుస్తకాల్లో 30 ఒకే చేతిరాతలో ఉన్నాయి. మందు కొట్టిన తేదీలు కూడా అందరివీ ఒకటే. ఆ ఊళ్లు చూసే కుర్రాణ్ణి అడిగితే, “రైతులకు రాయడం రాదు సార్, రాత్రిళ్లు కూర్చుని నేనే నింపాను” అన్నాడు. పనిమంతుడు, రైతులకు అతనంటే ఇష్టం. పైవాళ్లకు చెబితే అతని ఉద్యోగం పోతుందేమోనని భయం. చెప్పకుండా ఉండాలంటే మనసు ఒప్పడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు రెండు విషయాలు విడదీసి చూడండి. రాయడం రాని రైతు తరఫున ఇంకొకరు రాయడం తప్పు కాదు. రైతు చెబుతుంటే కొడుకు రాయవచ్చు, కోడలు రాయవచ్చు, మీ కుర్రాడూ రాయవచ్చు. రైతును అడగకుండా రాయడమే తప్పు. ముప్పై మంది ఒకే రోజు మందు కొట్టారంటే అతను అడగలేదనే అర్థం.

నా మూడో ఏడాదిలో నాకూ ఇదే ఎదురైంది. నేను కప్పిపుచ్చాను. ఆడిట్‌కు వచ్చినాయన ఒక పెద్దాయన చేలో నిలబడి, “ఈ పంటకు మందు ఎన్నిసార్లు కొట్టారు?” అని అడిగాడు. “ఏడుసార్లు” అన్నాడు పెద్దాయన. పుస్తకంలో మూడని ఉంది. ఉన్నమాట చెప్పిన మనిషి నలుగురిలో అబద్ధాలకోరు అయిపోయాడు. ఆ ఏడు ఆ గ్రూపును సర్టిఫికెట్‌లోంచి తీసేశారు. తర్వాత రెండు పంటకాలాల పాటు ఆయన నన్ను చూస్తే ముఖం తిప్పుకొని వెళ్లేవాడు. ఇన్నేళ్లయినా ఆయన ముఖం నాకు కళ్లముందు ఉంది.

దానికంటే పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. అది నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ ఏడు పిచికారీల్లో నాలుగు సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులే. కాయపురుగు కోసమని అవి మళ్లీ మళ్లీ కొడితే మిత్రపురుగులు చచ్చిపోతాయి, తెల్లదోమ విరగబడుతుంది. తెల్లదోమ వదిలే జిగురు మీద మసి పట్టి ఆ గ్రూపు చేలన్నీ నల్లబడ్డాయి. పుస్తకంలో నిజం ఉండి ఉంటే మూడో పిచికారీ దగ్గరే మాకు తెలిసేది, ఆపగలిగేవాళ్లం. పుస్తకం ఆడిటర్ కోసమని మేం అనుకున్నాం. ఆ పంటకు జబ్బు ఎక్కడ మొదలైందో చెప్పగలిగింది ఆ పుస్తకమే.

కాబట్టి రేపే బయల్దేరండి. ఆ గ్రూపులో కనీసం పదిమందిని చేలోనే కలవండి. తేదీలు అడగవద్దు, ఎవరికీ గుర్తుండవు. “గూడ (మొగ్గ) మీద ఉన్నప్పుడు కొట్టారా? పూత మీదా? కాయ గట్టిపడ్డాకా?” అని పంట దశను బట్టి అడగండి. మందు పేరు గుర్తులేకపోతే ఖాళీ డబ్బా చూపించమనండి. తప్పు పట్టడానికి వచ్చారని రైతుకు అనిపించిందంటే మీకు నచ్చే జవాబే ఇస్తాడు. అందుకని మొదటి ప్రశ్న పంట ఎలా ఉందనే అడగాలి. ఆ జవాబులతో ఆ పది పుస్తకాలు కొత్తగా రాయించండి. పాతవి చించకండి, కొట్టివేత కనబడనివ్వండి.

తర్వాత పైవాళ్లకు కాగితం మీద రాసివ్వండి, అదీ ఆడిట్ రాకముందే. ఏం కనిపించింది, ఎన్ని పుస్తకాల్లో, ఎలా సరిచేస్తున్నారు, మిగతా గ్రూపుల్లో ఎప్పటికల్లా చూస్తారు. మనమే కనిపెట్టి చెప్పిన తప్పుకూ ఆడిటర్ పట్టుకున్న తప్పుకూ చాలా తేడా ఉంది. సేంద్రియ పత్తి గ్రూపుల్లో చాలాకాలం ఒక లెక్క నడిచింది. మొత్తం సభ్యుల సంఖ్యకు వర్గమూలం ఎంతో అంతమందిని బయటి ఇన్‌స్పెక్టర్ చూసేవాడు. మీ 1,400 మందికి అది 38. మిగిలిన 1,362 మంది సంగతి లోపల ఉన్న మన మాట మీదే నిలబడుతుంది. ఆ మాట గట్టిగా లేకపోతే సర్టిఫికెట్ ఉన్నా దానికి విలువ లేదు.

ఇక ఆ కుర్రాడు. మీ కాగితంలో ఒక లెక్క కూడా రాయండి. 1,400ను ఆరుతో భాగిస్తే ఒక్కొక్కరికి సుమారు 233 మంది రైతులు. రోజుకు పదిమంది దగ్గరికి వెళ్లినా అందరినీ ఒకసారి చూసి రావడానికి 23 రోజులు పడుతుంది. శనగపచ్చ పురుగు గుడ్డు మూడు నాలుగు రోజుల్లో పగిలి పిల్ల బయటికొస్తుంది. అతను రెండోసారి ఆ చేను చేరేసరికి పురుగు కాయలోపల ఉంటుంది. ఈ పనిని ఇలా పంచినవాళ్లు అతని తప్పులో భాగస్థులు. నేనైతే అతణ్ణి ఉంచుకోమనే అడుగుతాను. రాత్రిళ్లు మేలుకొని 30 పుస్తకాలు నింపినవాడు సోమరి కాదు, దిక్కుతోచనివాడు.

మరి 233 మందికి ఏం చెయ్యాలి? ఇల్లిల్లూ తిరగడం మానేసి గ్రూపును చేలోకి తీసుకెళ్లండి. 1989లో ఇండోనేషియాలో వరి రైతులతో మొదలైన పొలంబడి పద్ధతి తర్వాత పత్తిలోకీ వచ్చింది. వారానికోసారి గ్రూపు ఒక చేలో నాలుగైదు చోట్ల మొక్కలు చూస్తుంది. పెద్ద కాగితం మీద మొక్క బొమ్మ వేసి ఒక పక్క శత్రుపురుగులు, ఇంకో పక్క మిత్రపురుగులు గీస్తుంది. ఈ వారం కొట్టాలా వద్దా అని అక్కడే మాట్లాడుకుంటారు. అక్షరం రానివాళ్లు కూడా సాలీడు బొమ్మ వేస్తారు. ఆ కాగితాలను వరసగా దాచండి. నేను చూసిన రికార్డుల్లో అంత నిజాయితీగా ఉన్నవి వేరే లేవు. ఫీల్డ్ బుక్కులోకి వాటినుంచే ఎక్కించుకోవచ్చు.

ఆడిట్ అయ్యాక ఏం జరిగిందో నాకు తప్పకుండా రాయండి.

ప్రశ్న: మూడేళ్లుగా మా ప్రాజెక్టు రైతులు ‘పత్తికి ఎక్కువ ధర వస్తుందన్నారు, ఏది?’ అని నిలదీస్తున్నారు. మా సంస్థ మొదట్లో అలాగే చెప్పిన మాట నిజమే. ఇప్పుడు ఏమని చెప్పను?

జవాబు: మొదట క్షమాపణ చెప్పండి. సంస్థ చెప్పిందని కాకుండా, మేమే పొరపాటు చెప్పామనండి.

మీది ఏ కార్యక్రమమో రాయలేదు కాబట్టి బెటర్ కాటన్, సేంద్రియం రెండింటి గురించీ చెబుతాను. 2005లో వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్ చొరవతో జరిగిన చర్చల్లోంచి పుట్టిన సుస్థిర పత్తి కార్యక్రమం బెటర్ కాటన్‌లో అదనపు ధర ఇస్తామనే హామీ లేదు. పైగా అందులో చాలాకాలం మాస్ బ్యాలెన్స్ పద్ధతే నడిచింది. అంటే మీ రైతు దూది మిల్లులో మామూలు దూదితో కలిసిపోవచ్చు, లెక్క మాత్రం పత్రాల్లో నడుస్తుంది. దూది ఎక్కడిదో వెతికి చూపే ఏర్పాటు 2023 చివరలో మొదలైంది. ఇందులో రైతుకు మిగిలేది ముఖ్యంగా మందులకూ ఎరువులకూ తగ్గిన ఖర్చు. ఆ తగ్గిన ఖర్చును రైతు కళ్లముందే లెక్కవేసి చూపించాలి, మీరు చెయ్యగలిగింది అదే. సేంద్రియమైతే, ప్రమాణాన్ని బట్టి రెండు మూడేళ్లు మార్పు కాలం ఉంటుంది. జన్యుమార్పిడి విత్తనం వేయకూడదు. దిగుబడి తగ్గే రోజులూ, సేంద్రియ ధర రాని రోజులూ ఒకేసారి వస్తాయి. ఇది చేరేముందే చెప్పాల్సిన విషయం. భార్యాభర్తలిద్దరూ ఉన్నప్పుడు చెప్పాలి.

ఒక దేశం కథ చెబుతాను. బుర్కినాఫాసోలో 2008 నుంచి బీటీ పత్తి పెద్ద ఎత్తున వేశారు. పురుగు తగ్గింది, మందులు తగ్గాయి, రైతులు సంతోషించారు. కానీ దూది పింజ పొడవు తగ్గింది. పొడవు పింజకు పేరున్న దేశం అది, మార్కెట్లో ఆ పేరు దెబ్బతింది. 2016కల్లా దాన్ని వదిలి పాత రకాలకు వెళ్లిపోయారు. చేను గట్టు వరకే చూసి ఇచ్చే మాట ఎంత ప్రమాదమో దీన్ని చదివినప్పుడు నాకు బాగా అర్థమైంది. జిన్నింగ్ మిల్లు, నూలు మిల్లు, కొనేవాడు, వీళ్లెవరూ మన చేతిలో లేరు. వాళ్ల సంతకం ఉన్న కాగితం చేతికి వచ్చేదాకా రైతు దగ్గర ధర మాట ఎత్తవద్దు.

ప్రశ్న: అక్కా, నేను ఫీల్డ్ ఫెసిలిటేటర్‌ని. మా గ్రూపుల జాబితాల్లో ఆడవాళ్లు పదిమందిలో ఒకరు కూడా లేరు. కానీ పత్తి తీసేది వాళ్లే. మీటింగ్‌కు రమ్మంటే రారు. ఎలా?

జవాబు: అమ్మా, నువ్వు పెట్టే మీటింగ్ ఏ టైముకో చూసుకో. నేను మొదట్లో సాయంత్రం ఏడింటికి పెట్టేదాన్ని. మగవాళ్లు తీరికగా ఉండే టైమది, ఆడవాళ్లు ఇంటి పనిలో మునిగి ఉండే టైము. పత్తి తీసేటప్పుడు మధ్యాహ్నం చెట్టు కింద కూర్చున్న అరగంటకు మార్చాక, ఎవరూ పిలవకుండానే పాతికమంది ఉన్నారు.

అలాంటి ఒక మధ్యాహ్నం నేను తీత గురించి చెబుతున్నాను. మంచు ఆరాక తీయాలి, ఎండాకు రాకూడదు, ప్లాస్టిక్ గోతాల్లో నింపితే వాటి దారపు పోగులు దూదిలో కలిసి నాణ్యత పోతుంది, గుడ్డ సంచులు వాడాలి. ఇవన్నీ చెప్పాక ఒకామె మెల్లగా అడిగింది: “మందు డబ్బా ఎన్నిసార్లు కడిగితే నీళ్లు పట్టుకోవచ్చు?” ఆమె అప్పటికే పట్టుకుంటోంది. పిల్లలు అవే తాగుతున్నారు. నాలుగేళ్లుగా ఆ ఊళ్లో నేను మందుల భద్రత గురించి మగవాళ్లతో మాట్లాడుతూనే ఉన్నాను. ఆ డబ్బా ఇంట్లోకి వెళ్లాక ఎవరి చేతిలో ఉంటుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఎన్నిసార్లు కడిగినా పట్టుకోకూడదు. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లను పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లు పెట్టి, గ్రూపు పెట్టుకున్న ఒకే చోట చేర్చాలి. మందు కొట్టిన బట్టలు వేరుగా ఉతకాలి. వాటిని ఉతికేదీ ఆడవాళ్లే. మందు కొట్టిన చేలోకి ఎన్ని రోజులు వెళ్లకూడదో తీసేవాళ్లకు తెలియాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు మందు దగ్గరికే రాకూడదు. ఇవి ముందు చెప్పు, తీత గురించి తర్వాత. జాబితాలో చేను గల ఆయన పేరు పక్కన ఆమె పేరు కూడా సభ్యురాలిగా ఎక్కించమని మీ కోఆర్డినేటర్‌ను అడుగు. సొంత భూమి లేని కూలీలకు వేరే గ్రూపు పెట్టు. కాదంటే నాకు రాయి, ఆయనకు నేను చెబుతాను.

ప్రశ్న: మా గ్రూపు చేలల్లో లింగాకర్షక బుట్టలు పెట్టాం, మందులు తగ్గించాం. అయినా గులాబీ రంగు పురుగు వస్తూనే ఉంది. పక్క చేలవాళ్లు గ్రూపులో లేరు. మేం చేసేదంతా వృథాయేనా?

జవాబు: వృథా కాదు, చాలదు. ఎకరాకు రెండు బుట్టలు పెడితే అవి పురుగు వచ్చిందని చెబుతాయి, పురుగును ఆపవు. వరసగా మూడు రోజులు, రోజుకు బుట్టకు ఎనిమిది చొప్పున రెక్కల పురుగులు పడితే అప్పుడు కదలాలి. విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డిపూలు కనిపిస్తే ఏరి నాశనం చెయ్యాలి. బుట్టలో పురుగును రప్పించే ఎర మాత్ర ఎప్పుడు మార్చాలో ప్యాకెట్ మీద చూసుకోండి. పాత మాత్రతో ఖాళీగా ఉన్న బుట్టను చూసి పురుగు లేదనుకుని మోసపోయినవాళ్లు చాలామంది.

అసలు సంగతి పక్క చేలే. రెక్కల పురుగుకు గ్రూపు సభ్యత్వం తెలియదు. అమెరికాలో ఈ పురుగును పూర్తిగా తొలగించామని 2018లో ప్రకటించారు. బీటీ పత్తి, సంతానం కలగని రెక్కల పురుగులను వదలడం, లింగాకర్షకాలు, పంట అయ్యాక మోళ్లు దున్నేయడం, ఇవన్నీ ప్రాంతం ప్రాంతమంతా కలిసి ఏళ్ల తరబడి చేశారు. మీకు అన్ని సాధనాలు లేవు. కానీ పంటను ఒకే తేదీకి ముగించడం, పత్తి కట్టెను చేలో నిలవ ఉంచకపోవడం డబ్బుతో పని కాదు. మిగిలిపోయిన కాయల్లోనే పురుగు తర్వాతి పంట దాకా దాక్కుంటుంది.

పక్కవాళ్లను గ్రూపులో చేరమని అడగకండి. ఆ ఒక్క తేదీకి ఒప్పుకోమని అడగండి. జిన్నింగ్ మిల్లు దగ్గర పత్తి గింజలు కుప్పలుగా పడి ఉంటే అక్కడా బుట్టలు పెట్టించండి, పురుగు అక్కడినుంచి కూడా వస్తుంది. ఈసారి తీత అయ్యేలోపే ఆ తేదీ ఖాయం చేసుకోండి.