ఫ్రాన్సులో ఒంటరిగా

ప్రశ్న: అన్నా, ఒక్కరే ఫ్రాన్సు ఊళ్లు తిరిగొచ్చినారంట. భాష రాకుండా ఎట్లా? తిండి సంగతేంది?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: భాషకేంలేమ్మా, కొట్లో అడుగుపెట్టంగానే ‘బోఁజూర్’ (నమస్కారం) అనాల. అనకుండా ధర అడిగితే మొహం ముడుచుకుంటారు. తిప్పలంతా తిండితోనే. మధ్యాహ్నం రెండు దాటితే చాలా హోటళ్లలో వంట బంద్, మళ్లీ రాత్రి ఏడుకే. ఆదివారమైతే చిన్న ఊళ్లలో కొట్లు కూడా మూతే. అవిన్యోఁ అనే ఊళ్లో అట్లే రోన్ నది ఒడ్డున ఎండు బ్రెడ్డు నములుతా కూచున్న్యా. ఎదురుగా పాత వంతెన. 22 కమానుల్లో వరదలకు పోంగా మిగిలినవి 4. నది మధ్యలోనే ఆగిపోతుంది, దాన్నెక్కేదానికి టికెట్టు! కార్కసోన్ కోట గోడలు బాగున్నాయి గానీ, గండికోట లోయ ముందు... నావి కడప కళ్లులే. హోటల్లో ‘కరాఫ్ దో’ అని అడుగు, కుళాయి నీళ్లు ఉచితంగా ఇస్తారు. కారప్పొడి మాత్రం ఇంటినుంచే కట్టుకో.