ప్రెజరు కొలవకుండా హీటరు కొనకండి

పోయిన జూలైలో ఆస్ట్రేలియా నుంచి సెలవుకి శ్రీకాకుళం వచ్చాను. పొద్దున్నే ఏడింటికి డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నానో లేదో ఫోను మోగింది. మా అప్ప కొడుకు. మా వైపు అక్కని అప్ప అంటాం, ఆవిడని విజయనగరం ఇచ్చారు, మూడు లాంతర్ల దగ్గర ఇల్లు. వీడు మెల్‌బోర్న్ వచ్చి మూడేళ్ళు, లోను పెట్టి పాత ఇల్లొకటి కొని నాలుగు నెలలు. "మావయ్యా, పొద్దున్నుంచి వేడినీళ్ళు లేవు, ట్యాంకు అడుగున చిల్లు పడిందట. ఏది పెట్టమంటారో సాయంత్రంలోపు చెప్పమన్నాడు ప్లంబరు. షవర్లో నీళ్ళు కూడా అంతంతమాత్రమే వస్తున్నాయి. అన్నిటికంటే పెద్దది పెట్టించేస్తే రెండూ తీరిపోతాయి కదా?" ఇక్కడ ఉక్కపోతకి చొక్కా వీపుకి అతుక్కుంటోంది, అక్కడ నడి చలికాలం, ఇంట్లో రెండేళ్ళ పిల్ల. టెన్షన్ పడడా మరి.

"ప్లంబరుని ఆగమని చెప్పు, ముందు బకెట్టు తియ్యి" అన్నాను.

వాడు అడిగిన ప్రశ్న పదిహేడేళ్ళ కిందట నేనూ వేసుకున్నదే, కాకపోతే నన్ను ఆగమనడానికి అప్పుడెవరూ లేరు. అద్దె ఇళ్ళు వదిలి మొదటి ఇల్లు కొన్నప్పుడు షవరు నీరసంగా ఉంటే హీటరు చిన్నదనుకుని, నిమిషానికి 26 లీటర్ల గ్యాస్ ఇన్‌స్టంట్ హీటరు పెట్టించాను, అప్పటికి ఇళ్ళకి మామూలుగా పెట్టే వాటిలో పెద్ద సైజు. మర్నాడు స్నానానికి వెళ్తే నీళ్ళు మండిపోతున్నాయి గానీ ధార అదే ధార. రెండు నెలల తర్వాత వేరే పని మీద వచ్చిన ప్లంబరు, మీటరు దగ్గర వాల్వు సగమే తెరిచి ఉందని చూసి ఒక్క తిప్పు తిప్పాడు. అంతే. ఇంటికి ముందున్నవాళ్ళు ఎప్పుడో రిపేరుకి కట్టి, పూర్తిగా తెరవడం మర్చిపోయినట్టున్నారు. హీటరు నీళ్ళని వేడి చేస్తుంది గానీ నెట్టదు, ఈ ముక్క నాకు ఎవరైనా ముందు చెప్పుంటే ఆ డబ్బులు మిగిలేవి.

మనకి ఈ పొరపాటు ఎందుకు జరుగుతుందంటే మనం ట్యాంకు కింద పెరిగినవాళ్ళం. ఈ డాబా మీద ట్యాంకుకీ కింద బాత్రూములో షవరుకీ మధ్య ఎత్తు మహా అయితే 3 మీటర్లు. 10 మీటర్ల నీటి ఎత్తుకి సుమారు 100 కిలోపాస్కల్స్ ప్రెజరు వస్తుంది, అంటే మా షవరు దగ్గర ఉన్నది 30. అందుకే మనకి ప్రెజరంటే ఎప్పుడూ చాలని వస్తువు, ఎంత ఎక్కువుంటే అంత మంచిదని లెక్క. ఆస్ట్రేలియాలో మెయిన్ లైనులోంచి నేరుగా ఇంట్లోకి వస్తుంది, అక్కడి ప్లంబింగ్ నిబంధన ప్రకారం ఇంట్లో ఏ కుళాయి దగ్గరా 500 దాటకూడదు. అంటే ఈ ట్యాంకుని 50 మీటర్ల ఎత్తున పెట్టినట్టు, పదహారంతస్తుల మేడ మీద. అదీ మామూలు పరిమితి. వీధిలో ప్రెజరు దానికంటే ఎక్కువుంటే ఇంటి మొదట్లోనే ప్రెజరు తగ్గించే వాల్వు బిగించాలి, పాత ఇళ్ళలో చాలాచోట్ల అది ఉండదు, ఉన్నా పాడైపోయి ఉంటుంది.

కొలవడం కష్టమేం కాదు. హార్డ్‌వేర్ షాపులో తోట కుళాయికి తిప్పి బిగించే ప్రెజరు గేజి దొరుకుతుంది. మీటరుకి దగ్గరున్న కుళాయికి పెట్టి, ఇంట్లో అన్నీ కట్టేసి చూడండి, వాషింగ్ మెషీన్‌తో సహా. పగలొకసారి, ఊరంతా పడుకున్నాక ఒకసారి చూడాలి, ఎందుకంటే రాత్రి వాడకం తగ్గి ప్రెజరు పెరుగుతుంది. కానీ గేజి ఒక్కటే చూసి సంతోషపడిపోకండి, మా ఇంట్లో ఆ సగం మూసిన వాల్వు ఉన్నప్పుడు గేజి పెట్టినా 480 చూపించేది. నీళ్ళు కదలనప్పుడు సన్న సందులోంచి కూడా పూర్తి ప్రెజరు వచ్చేస్తుంది, కదిలినప్పుడే దాని బండారం బయటపడుతుంది. అందుకే బకెట్టు. పది లీటర్ల గీత ఉన్న బకెట్టు పెట్టి, అదే కుళాయి పూర్తిగా తిప్పి, ఫోనులో టైము చూసుకోండి. 30 సెకన్లలో నిండితే నిమిషానికి 20 లీటర్లు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 20 మిల్లీమీటర్ల కనెక్షనుకి నీళ్ళ కంపెనీ కనీసం ఇవ్వాల్సింది కూడా అంతే, తగ్గితే వాళ్ళకి ఫోన్ చేసి అడగొచ్చు, దానికి మీరు పైసా పెట్టక్కర్లేదు. బయట బాగా నిండి లోపల నీరసంగా ఉంటే తప్పు మీ ఇంట్లోనే ఉన్నట్టు. అందులోనూ చన్నీళ్ళు బాగుండి వేడినీళ్ళే తగ్గితే హీటరు జాలీ గానీ, వేడినీళ్ళలో చన్నీళ్ళు కలిపే టెంపరింగ్ వాల్వు గానీ పూడుకుపోయి ఉంటుంది. రెండూ తగ్గితే షవరు తల విప్పి చూడండి, లేదా పాత జింకు పైపులు లోపల తుప్పు పట్టి సన్నబడి ఉంటాయి. ఇంకో మాట, అక్కడ ఎక్కువ షవర్లని నీళ్ళు ఆదా అయ్యేలా నిమిషానికి 9 లీటర్ల లోపు ఇచ్చేలాగే అమ్ముతారు. హోటల్లో జలపాతం చూసి ఇంట్లో అది రాలేదని హీటరుని తిట్టి లాభం లేదు.

ప్రెజరు ఎక్కువుంటే ఏమవుతుందంటే, మొదట పెద్ద తేడా తెలియదు, అదే చిక్కు. వాషింగ్ మెషీను నీళ్ళు ఆపిన ప్రతిసారీ గోడలో పైపు ధన్‌మని కొడుతుంది, కుళాయి వాషర్లు తొందరగా పోతాయి. తర్వాత సింకు కింద వల అల్లిన పైపులుంటాయి చూశారూ, అవి పగులుతాయి. మా వీధిలో ఒక తెలుగువాళ్ళు పెళ్ళికని బొబ్బిలి వచ్చి నెల ఉండి వెళ్ళేసరికి వంటింట్లో ఆ పైపు పగిలి చెక్క నేల మొత్తం ఉబ్బిపోయి ఉంది. అప్పట్నుంచి మేం ఇండియా బయల్దేరే ముందు పాలు, పేపరు ఆపడంతో పాటు మీటరు దగ్గర వాల్వు కట్టేస్తాం. అది ఎటు తిప్పాలో ఇంట్లో అందరికీ చూపించి పెట్టండి.

ఇక ఏది కొనాలి. ట్యాంకు పోయిన రోజు కొనకండి, ఇదొక్కటి చేసినా చాలు. వేడినీళ్ళు లేవని హడావిడిలో ఉన్నవాడికి వ్యానులో ఏదుంటే అదే అంటగడతారు. మనకి బకెట్టు స్నానం వచ్చు కదా, అన్నం వార్చే గిన్నెడు నీళ్ళు కాచి బకెట్టులో పోసుకుంటే రెండు రోజులు హాయిగా గడుస్తాయి, మా పిల్లలకైతే అదో పండగ. తితలీ తుఫానప్పుడు, 2018 అక్టోబరులో, కరెంటు లేక మోటార్లు ఆగిపోయి ఉద్దానం ఊళ్ళలో జనం ఎన్ని రోజులు బిందెలతో తిరిగారో తలుచుకుంటే ఇదొక కష్టమే కాదు. అద్దె ఇల్లయితే ఈ తలనొప్పే మీది కాదు, విక్టోరియాలో వేడినీళ్ళు ఆగిపోవడం అర్జెంటు రిపేరు కింద లెక్క, ఏజెంటుకి ఫోన్ చేసి, రాతపూర్వకంగా కూడా పెట్టండి.

చిన్న లెక్క చెప్తాను. ఒక యూనిట్ కరెంటుతో 860 లీటర్ల నీళ్ళని ఒక డిగ్రీ వేడి చేయొచ్చు. మన శ్రీకాకుళంలో కుళాయి నీళ్ళు గోరువెచ్చగానే ఉంటాయి, ఇంకో పదిహేను డిగ్రీలు చాలు. మెల్‌బోర్న్ జూలైలో పైపు నీళ్ళు 10, 12 డిగ్రీల దగ్గరుంటాయి. 250 లీటర్ల ట్యాంకుని 12 నుంచి 60కి తేవాలంటే 14 యూనిట్లు. మామూలు ఎలక్ట్రిక్ ట్యాంకు ఈ 14 యూనిట్లూ మీ బిల్లు మీదే రాస్తుంది. హీట్ పంపు ఏసీని తిరగేసి పెట్టినట్టు బయటి గాలిలో వేడి లాగి నీళ్ళకిస్తుంది కాబట్టి సుమారు మూడో వంతుతో పని కానిస్తుంది. ఇక ఇండియాలో బాత్రూము గోడకి పెట్టే 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు, 25 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి రెండు లీటర్లు కూడా ఇవ్వలేదు, ఆ సన్నధార అందుకే. ఆస్ట్రేలియాలో గ్యాస్ ఇన్‌స్టంట్ మీద రాసే 16, 20, 26 లీటర్లు కూడా ఆ 25 డిగ్రీల పెంపుకే. చలికాలంలో 32 డిగ్రీలు పెంచాల్సి వస్తే 26 కాస్తా 20 అవుతుంది, 16 కాస్తా పన్నెండున్నర. ఒక షవరు, వంటింటి కుళాయి అంతవరకే.

ఆ గ్యాస్ ఇన్‌స్టంట్లతో మనవాళ్ళకి ఇంకో గొడవ ఉంది. నీళ్ళు కనీసం నిమిషానికి రెండు మూడు లీటర్లు పారితే గానీ లోపల మంట వెలగదు. మా అమ్మ వచ్చినప్పుడు నీళ్ళు వృథా అని కుళాయి సన్నంగా తిప్పి, "ఏట్రా, మీ ఊల్లో వేడినీల్లు కూడా చల్లగానే వస్తాయి" అని నెల రోజులు అంది. కారణం తెలిసేసరికి ఆవిడ తిరుగు ప్రయాణం.

నా మాటైతే సొంత ఇల్లు, బయట ఖాళీ గోడ ఉన్నవాళ్ళకి హీట్ పంపే. విక్టోరియాలో 2027 మార్చి 1 నుంచి ఇళ్ళలో గ్యాస్ హాట్ వాటర్ బాగుచేయలేనంతగా పోతే, కొద్ది మినహాయింపులు తప్ప, ఎలక్ట్రిక్‌దే పెట్టాలి, కాబట్టి ఇప్పుడు గ్యాస్‌లో డబ్బు పోయడం దండగ. కేంద్రం సర్టిఫికెట్ల పేరుతో ఇచ్చే తగ్గింపు, రాష్ట్రం ఇచ్చే తగ్గింపు కలిపి ధర బాగా దిగుతుంది. కానీ మరీ చవగ్గా వస్తోందని ఎగబడకండి. రిపేరుకి ఎవరొస్తారు, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, ఎంత చప్పుడు చేస్తుంది, ఇవి అడగండి. ఫ్యానూ కంప్రెసరూ ఉన్న యంత్రం అది, పక్కింటి వాళ్ళ పడకగది కిటికీ కింద పెడితే మాటలు పడాలి. సోలార్ ట్యాంకు గురించి చాలామంది అడుగుతారు. అరసవల్లి పక్కన పుట్టినవాణ్ణి, సూర్యుడి మీద నాకు నమ్మకం తక్కువేం కాదు, కానీ మెల్‌బోర్న్ చలికాలంలో ఆయన దర్శనమే తక్కువ. కప్పు మీద కరెంటు ఇచ్చే ప్యానెల్స్ ఉంటే, హీట్ పంపుకి టైమరు పెట్టి మధ్యాహ్నం పూట నడిపించుకోవడమే సుఖం. అన్నట్టు, అక్కడ ప్యానెల్స్ ఉత్తరం వైపు చూడాలి, మనకి దక్షిణం ఎలాగో వాళ్ళకి ఉత్తరం అలాగ.

సైజు దగ్గర అమ్మేవాడు "ఇంట్లో ఎంతమంది?" అంటాడు. ముగ్గురమని చెప్పకండి. అమ్మా నాన్నా వచ్చి ఆర్నెల్లుంటారు, తర్వాత అత్తమామలు, వీకెండ్ తలంట్లు, బిర్యానీ గిన్నెలు తోమడం, ఇవన్నీ కలిపి చెప్పండి. మనిషికి 50 లీటర్ల చొప్పున వేసుకుంటే దాదాపు సరిపోతుంది.

ఇంకొన్ని. బిల్లు తగ్గుతుందని ట్యాంకు వేడిని 60కి కింద దించకండి, లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. బాత్రూముకి మాత్రం టెంపరింగ్ వాల్వు దాన్ని 50 దాటకుండా చేస్తుంది, పిల్లలూ ముసలివాళ్ళూ కాల్చుకోకుండా. ట్యాంకు పక్కన సన్న పైపులోంచి నీళ్ళు వేడెక్కేటప్పుడు చుక్కలు పడటం మామూలే, మా నాన్న దాని కింద బకెట్టు పెట్టి గులాబీ మొక్కకి పోసేవారు, తప్పులేదు. కానీ బిరడా మాత్రం కొట్టకండి, ట్యాంకు పేలకుండా కాపాడేది ఆ పైపు మొదట్లో ఉన్న వాల్వే. ఆ వాల్వు మీట ఆర్నెల్లకోసారి మెల్లగా ఎత్తి వదలాలి, వచ్చేవి ఒళ్ళు కాలే వేడినీళ్ళు, దూరంగా నిలబడండి. చుక్కలు కాక ధార ఆగకుండా పడుతుంటే మళ్ళీ ప్రెజరు గేజి తియ్యండి. ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఒకటుంటుంది, ట్యాంకు బదులు తుప్పు అది తింటుంది, ఐదేళ్ళకోసారి చూపించుకోండి. పనులన్నీ లైసెన్సున్న ప్లంబరుతోనే, ఆస్ట్రేలియాలో మన ఊళ్ళోలా తెలిసిన కుర్రాణ్ణి పిలిచి బిగించేయడం కుదరదు. విక్టోరియాలో 750 డాలర్లు, ఆ పైన పనికి కంప్లయన్స్ సర్టిఫికెట్ ఇవ్వాలి, అడిగి తీసుకోండి, రేపు ఇన్సూరెన్సువాడు అడిగేది దాన్నే.

మర్నాడు పొద్దున్న మళ్ళీ డాబా మీద ఉండగానే వాడి ఫోను. తోట కుళాయి దగ్గర బకెట్టు 27 సెకన్లలో నిండిందట, నిమిషానికి 22 లీటర్లు, కొరత లేదు. రాత్రి గేజి మీద 640. షవరు తల విప్పితే జాలీ నిండా ఇసక రేణువులు, పాత వాషరు ముక్కలు, కడిగి పెట్టాక ధార దూకిందట, ఖర్చు సున్నా. తక్కువైందనుకున్న ప్రెజరు నిజానికి ఎక్కువుంది. ట్యాంకు చిల్లుకి అదొక్కటే కారణమని అనను, అది పద్నాలుగేళ్ళది, కడ్డీ ఎవరూ మార్చలేదు. "ముందు ప్రెజరు వాల్వు బిగించమను, హీట్ పంపు 250కి తక్కువ వద్దు, సంక్రాంతి వెళ్ళాక మీ అమ్మ వస్తానంటోంది" అని చెప్తూండగా కింద నుంచి మా అమ్మ కేక.

"ఒరేయ్, ట్యాంకు నిండి పొర్లిపోతంది, మోటారు కట్టీరా!"