కుళాయి తిప్పి ఏడుస్తున్న చెల్లెమ్మకు

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. పన్నెండేళ్లుగా చెన్నైలో, వేళచేరిలో ఉంటున్నాం. మా ఆయన ఏసీ మెకానిక్. ఏడాదిన్నర కిందట రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు రైల్లో పార్క్ టౌన్ దాకా వెళ్లి డయాలసిస్ చేయించుకుని వస్తాం. నేను కుట్టుపని చేస్తాను. ఇద్దరు పిల్లలు. సంఘంలో అందరి ముందూ నవ్వుతూనే ఉంటాను. ఇంటికొచ్చి వంటింట్లో కుళాయి తిప్పి ఏడుస్తాను. నీ ప్రార్థన చాలడం లేదని అత్తయ్య ఊరినుంచి ఫోన్ చేసినప్పుడల్లా అంటారు. ఈ మధ్య ప్రార్థనకు వచ్చినవాళ్లు మూడు రోజులు ఉపవాసం ఉండి, డయాలసిస్ మానేసి విశ్వాసం చూపించమన్నారు. ఆయన కూడా ఊగుతున్నారు. దేవుడు ప్రేమిస్తున్నాడని చిన్నప్పటినుంచీ వింటున్నాను. ఆ ప్రేమ ఇప్పుడు నాకు తగలడం లేదు. మోకాళ్లూనితే మాట రాదు. రాత్రి ఆయన చేతి మీద చెయ్యి వేసి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూది గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, కొట్టుకుంటోందో లేదో చూసి పడుకుంటాను, అంతే. నిద్రలోనే ప్రాణం పోతే బాగుండును అని కూడా అనిపిస్తోంది. నేను విశ్వాసం పోగొట్టుకున్నానా?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు తర్వాత వస్తాను. ముందు డయాలసిస్ సంగతి. ఒక్క టర్న్ కూడా మానకూడదు. ఆ మూడు రోజుల్లో ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కవచ్చు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ముందు ఏ నొప్పీ చూపించకుండానే ఆగిపోతుంది. ఇంకో మాట. ఉపవాసం విడిచేటప్పుడు మనవాళ్లు ముందు చేతికిచ్చేది కొబ్బరినీళ్లు. అందులో ఉండేదే పొటాషియం. మీ ఆయన విషయంలో అది మంచి చెయ్యదు, మీ డైటీషియన్‌ను అడగండి.

విశ్వాసం ఉంటే మందెందుకు అనేవాళ్లకు హిజ్కియా రాజు సంగతి చెప్పండి. రెండో రాజుల గ్రంథం 20వ అధ్యాయంలో ఉంది. నీ కన్నీళ్లు చూశాను, బాగుచేస్తాను, ఇంకా పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తాను అని దేవుడు మాట ఇచ్చాడు. ఇచ్చాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. మాట ఇచ్చినవాడే మందు వద్దనలేదు. మీ ఆయనతో వాదన పెట్టుకోకండి. ఆ అధ్యాయం ఇద్దరూ కూర్చుని ఒకసారి చదవండి, చాలు. పాస్టర్ గారు మంచివారైతే ఈ మాట ఆయన నోటితో చెప్పించండి. మగవాళ్లు భార్య మాట కంటే పాస్టర్ మాట త్వరగా వింటారు, ఏం చేస్తాం!

ఇక మీ ప్రశ్న. విశ్వాసం పోయినవాళ్లు పోయిందా అని ఇంత కంగారు పడరమ్మా. కీర్తనల గ్రంథంలో 88వది తీసి చూడండి. మిగతా కీర్తనల్లో చాలావరకు ఏడ్చినవాడు చివరికొచ్చేసరికి ఎక్కడో ఒకచోట తేరుకుంటాడు. ఇతను తేరుకోడు. నావాళ్లందరినీ దూరం చేశావు, చీకటే నాకు చుట్టమైంది అని దేవుడితోనే అని ఆపేస్తాడు. చివర ఒక స్తోత్రం అతికించి సర్దుదామని ఎవరూ అనుకోలేదు. అలాగే పరిశుద్ధ గ్రంథంలో ఉంచారు. అలాంటి మాటకు అక్కడ చోటుంటే, కుళాయి చప్పుడు చాటున మీరు ఏడ్చే ఏడుపుకు దేవుని దగ్గర చోటు ఉండదా?

ప్రార్థనలో మాట రావడం లేదన్నారు. రాత్రి ఆయన చేతి మీద చెయ్యి వేసి, చర్మం కింద జుమ్మని కొట్టుకునే ఆ కదలిక ఉందో లేదో చూస్తున్నానని కూడా మీరే రాశారు. చేతులుంచి ప్రార్థన చేయడమని మనం దేన్ని అంటున్నాం మరి?

చచ్చిపోతే బాగుండును అన్న మాట దాచుకోకుండా రాశారు, మంచి పని చేశారు. ఏలీయా కూడా బదరీ చెట్టు కింద కూలబడి ఇదే మాట అన్నాడు, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అని. దేవుడు అతన్ని తిట్టలేదు, నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు చూపించాడు. అతను తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి, దారి నీ శక్తికి మించింది, లేచి తిను అన్నాడు. ప్రశ్నలన్నీ ఆ తర్వాతే. మీరు రాత్రి ఏం తింటున్నారు? ఆయనకు ఉప్పు లేని కూర వేరే వండి, పిల్లలకు పెట్టి, గిన్నె అడుగున మిగిలింది నిలబడే తినేస్తుంటారు. అది మానండి. కూర్చుని తినండి. డయాలసిస్ లేని రోజుల్లో పిల్లల్ని బడికి పంపాక ఒక గంట పడుకోండి, బట్టలు ఎక్కడికీ పోవు.

చచ్చిపోతే బాగుండునన్న ఈ దిగులు రెండు వారాలకు మించి రోజూ ఉంటే డిప్రెషన్ కావచ్చు. రోగిని చూసుకునే ఇంటివాళ్లకు అది రావడం మామూలే. 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం వారి టెలీ మానస్, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, భాష మీరే ఎంచుకోవచ్చు. ఆ ఆలోచన ముదిరి ఏదైనా చేసేయాలి అనిపించిందంటే తెల్లారేదాకా ఆగవద్దు. ఆ నిమిషమే ఫోన్ చేసి, పక్కింటావిడ తలుపు తట్టండి.

అత్తయ్య గారు కొడుకు కోసం భయపడుతున్నారు. భయం ఎవరి మీదో ఒకరి మీద పడాలి, కోడలు దగ్గరగా ఉంది. ఈసారి అన్నప్పుడు, పుట్టుగుడ్డివాణ్ని చూసి ఇతని పాపమా, వీళ్ల అమ్మానాన్నల పాపమా అని శిష్యులు అడిగితే ప్రభువు రెండూ కాదన్నారు కదా అత్తయ్యా అనండి. ఆ వెంటనే, మీరు ఒక నెల వచ్చి పిల్లల్ని చూసుకుంటారా అని అడగండి. ఆవిడకూ చేతికి ఒక పని దొరుకుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీది ఒంగోలు వైపు అన్నారు కాబట్టి చెబుతున్నాను. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత మేర కాంట్రాక్టు తీసుకున్నాడు, ఆకలితో ఉన్నవాళ్లకు పని దొరుకుతుందని. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. పని అయ్యాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కరువులో దేవుని ప్రేమ వాళ్లకు గునపంగా, తట్టగా, సాయంత్రం చేతిలో పడ్డ కూలి డబ్బులుగా అందింది. మీరు వారానికి మూడుసార్లు ఎక్కే రైలు చాలా దూరం ఆ కాలువ వెంబడే పోతుంది. ఇప్పుడది మురికి వాసన కొడుతుంది, నిజమే. అయినా అదే కాలువ.

ఆ ప్రేమ నాకు తగలడం లేదంటున్నారు. తగిలే దారిని మీరే మూసేశారేమో చూడండి. సంఘంలో నవ్వుతూ బాగున్నామనేవాళ్లకు ఎవరు మాత్రం ఏం తెస్తారు? స్త్రీల కూడికలో పదిమంది ఉంటే అందులో ఒకరికైనా ఒక పూట మీ ఆయన పక్కన నాలుగు గంటలు కూర్చునే తీరిక ఉంటుంది. అయ్యో పాపం అంటారని భయం. అంటారు, ఇద్దరు ముగ్గురు అంటారు. మిగతావాళ్లు వస్తారు.

డబ్బు సంగతి కూడా. మీకు ఇక్కడి రేషన్ కార్డు ఉంటే ముఖ్యమంత్రి ఆరోగ్య బీమా పథకం గురించి ఆసుపత్రిలోని కౌంటర్‌లో అడగండి. కిడ్నీ మార్పిడికి మీ ఆయన ఒళ్లు తట్టుకుంటుందా అని డాక్టర్‌ను సూటిగా అడగండి. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం భార్య, తల్లిదండ్రులు, తోబుట్టువులు దగ్గరి బంధువులే, కిడ్నీ ఇవ్వవచ్చు. ఎవరిదీ సరిపడకపోతే చనిపోయినవారి అవయవాల కోసం తమిళనాడు ప్రభుత్వ అవయవ మార్పిడి సంస్థ ట్రాన్స్‌టాన్ జాబితాలో ఆసుపత్రి ద్వారానే పేరు నమోదు చేయిస్తారు. ఆలస్యం చేయకండి, ఆ వరుస పెద్దది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మ గారు ఎలా ఉన్నావమ్మా అంటారు. ప్రభువు కృప వల్ల బాగున్నాం అని అలవాటుగా నోటికి వచ్చేస్తుంది. మింగేయండి. బుధవారం టర్న్‌కు ఆయనతో కూర్చోవడానికి ఒక మనిషి కావాలండీ అనండి.