తమ్ముడిని కర్నూలులో ఎవరికి చూపించాలి?

ఉద్యోగం పోయిన నాటి నుంచి నిద్రపోక, ఎవరితోనూ మాట్లాడక ఉంటున్న మీ తమ్ముడిని ఆదోని నుంచి కర్నూలుకు తీసుకొస్తే ఎవరికి చూపించాలని అడిగారు. ముందుగా ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోని మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. ఓపీ చీటీ రాయించుకుని సైకియాట్రిస్టుకు చూపిస్తే, మందులు అవసరమా, కౌన్సెలింగ్‌తో సరిపోతుందా అన్నది తేలుతుంది.

కౌన్సెలింగ్ చేసే ప్రైవేటు థెరపిస్టు విషయంలో మాత్రం బోర్డు చూసి నమ్మవద్దు. మందులతో కాక మాటలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి కనుక, ఆ నంబరు అడగడానికి మొహమాటపడకండి. ఫీజు ఎంతో, ఎన్నాళ్లకొకసారి రావాలో ఫోన్‌లోనే కనుక్కోండి. వీటన్నిటితో పాటు, మన సీమ మాటలో మీ తమ్ముడు తడుముకోకుండా మనసు విప్పగలిగే మనిషి దొరకడం చాలా ముఖ్యమని నా నమ్మకం. రెండు మూడుసార్లు కలిసినా ఆ చనువు కుదరకపోతే మరొకరిని చూడటంలో తప్పేమీ లేదు. మీ తమ్ముడు మాట్లాడుతున్నంతసేపూ మీరు గది బయట కూర్చోండి, ఏం చెప్పాడని తర్వాత ఆరా తీయకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆయనకు గోప్యత హక్కునిచ్చింది.

ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న మాట ఆయన నోట వస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా, ఒంటరిగా వదలకుండా, దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.